వంతెనకు పురుడు పోసిన యోసేపు

ఓవర్సీరు యోసేపు దృష్టిలో కొత్తగా పోసిన ప్రతి స్లాబూ ఒక పసిబిడ్డ. ఇది ఉపమానం కాదు, ఆయన నిత్యానుష్ఠానం. స్లాబు పోయడం ముగియగానే ఆయన కంఠస్వరం తగ్గిపోయేది. చెప్పులు దూరంగా విడిచేవాడు. పైన కప్పిన తడి గోనెసంచులను గడియకొకసారి తొలగించి, జ్వరం చూచినట్లు అరచేయి ఆనించి చూచేవాడు. జాతకర్మ జరిపించే తండ్రిలో కూడ నేనంత నిష్ఠను ఎరుగను.

డెబ్బైల నాటి మాట. వరంగల్లు చుట్టుపట్ల రహదారులపై వంతెనలు లేస్తున్న రోజులు. స్లాబు పోసేనాడు పూజ చేయడానికి మట్టెవాడ నుండి నన్ను పిలిపించేవారు. కనుక యోసేపు శిశుపోషణను దగ్గర నుండి దర్శించే భాగ్యం నాకు కలిగింది.

ఒకమారు పెద్ద ఇంజనీరుగారి జీపు వంతెన అంచుకు వచ్చి హారను మోగించింది. యోసేపు రెండు చేతులూ ఊపుతూ ఎదురు పరుగెత్తినాడు.

"హారన్ కొట్టకుండ్రి సార్! ఇప్పుడిప్పుడే కన్నంటింది."

"ఎవరికయ్యా?"

"స్లాబుకు సార్."

ఇంజనీరుగారు నావైపు చూచినారు. నేను ఆకాశం వైపు చూచినాను. చివరకు ఇంజను ఆపించి, జీపును మనుషుల చేత వెనుకకు నెట్టించుకొని ఆయన వెళ్లిపోయినారు.

స్లాబుపై నీళ్లు పోసే పనికి మనిషిని ఎంచడంలో యోసేపు మరీ వింతగా ఉండేవాడు. రఘునాథపల్లి దగ్గరి వంతెనకు, రాయి పడి కాలు నలిగిన కట్టయ్యను ఎంచినాడు. "గీ స్లాబుకు కుంటుకుంట మెల్లగ నడిచేటోడే పడుతడు. ఉరికెటోని అడుగుల చప్పుడుకు జడుసుకుంటది" అన్నాడు. ఇంకొక చోట చూపు మందగించిన రాజక్కను పిలిచి, "కండ్లు కానరానామెతోని దీనికి దిష్టి తాకది" అన్నాడు. కూలీలు కడుపు పట్టుకొని నవ్వినారు. నేను కూడ దీనిని మంచివాని పిచ్చిగానే ఎంచినాను.

పాలంపేట దారిలో వాగుపై వంతెన కట్టేనాటికి ఎండలు ముదిరినవి. స్లాబు పోసేనాటి ఉదయం కలశం పెట్టి నేను సిద్ధంగా ఉన్నాను. అంతలో కంకర తట్టలు మోసే మల్లక్క పొత్తిళ్లలో బిడ్డతో, చంకలో మూటతో వచ్చి నిలుచున్నది. ఆ బిడ్డ అక్కడి గుడిసెలోనే పుట్టి వారమైనా కాలేదు.

"తట్ట మోసెటోళ్లకే గుడిసె. ఇంకో ఆమె వస్తాంది, ఖాళీ చెయ్యాలె" అన్నాడు గుత్తేదారు వెంకట్రాజం.

"ఈ ఎండల పసిదాన్నేసుకొని యాడికి పోదునయ్యా?" అన్నది మల్లక్క.

యోసేపు ముందుకు వచ్చినాడు. "ఆమె పోతె నేను స్లాబు పొయ్యనియ్య."

"ఎందుకు?"

"బాలింత పక్కన లేకుంటె గీ స్లాబు పగులుతది. నీళ్లు ఆమె చెయ్యితోనే పడాలె."

"నీది కిరస్తానం గదనయ్యా! నీకు గీ పట్టింపులేంది?"

"వంతెనకు మతమేంది వెంకట్రాజం? అనుమానముంటె పంతులుగారున్నరు, అడుగు."

అందరి చూపులూ నాపై నిలిచినవి. ఏ శాస్త్రంలోనూ అట్టి విధి లేదు. ఆ సంగతి యోసేపుకూ తెలుసునని ఆయన కన్నులే చెప్పుతున్నవి. అప్పుడు కట్టయ్య కాలు, రాజక్క కన్నులు నా మనస్సులో మెదిలినవి. ఆయన పెంచిన ప్రతి స్లాబూ బరువు మోయలేని మనిషినే కోరుకొన్నది!

"తల్లిని వెళ్లగొట్టిన చోట కట్టడం నిలుస్తుందని మాత్రం నేనెక్కడా చదువలేదు" అన్నాను. అసత్యం కాదు కదా.

వెంకట్రాజం తల గోక్కొన్నాడు. "సరే, ఉండనియ్యి. గని ఓవర్సీరు సాబ్, పచ్చి బాలింతతోని చల్లనీళ్లు ముట్టిస్తవా? సన్నిపాతం కొడుతది! మా అవ్వ బతికుంటె నిన్ను కట్టె తిరగేసి కొడుతుండె."

యోసేపు నోరు తెరచినాడు. అన్నీ ఆలోచించిన మహానుభావుడు ఈ ఒక్కటి ఆలోచించలేదు. "మరి... నీళ్లెట్ల?"

"ఆమె నీడకు కూసుంటది. ఆమె చెయ్యికి బదులు నీ చెయ్యి" అన్నాడు వెంకట్రాజం.

మరునాడు ఆ దారిన పోతూ చూచినాను. తాటాకు పందిరి కింద మల్లక్క బిడ్డకు పాలిస్తున్నది. ఓవర్సీరు యోసేపు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వాగు ఇసుకలో తవ్విన చెలిమె నుండి బిందె మోసుకొని రొప్పుతూ వస్తున్నాడు.

"సారూ, ఆ మూలకు ఎండినట్టు కొడుతాంది!"

"పోస్తాన్న తల్లీ, పోస్తాన్న."

"అట్ల కుమ్మరిస్తరా? జర మెల్లగ పొయ్యుండ్రి సారూ, పసిది గద!"