నిమ్మమొక్క పక్కన పాతిన కుండ

మొన్న నరసరావుపేట బజారులో కొన్న కొత్త కుండలో నీళ్లు పోయగానే తడిమట్టి వాసన వంటింటిని కమ్మేసింది. నాకు మా నాయనమ్మ నిమ్మమొక్క గుర్తొచ్చింది.

ఈపూరు దగ్గర మా ఊళ్లో, పెరట్లో ఆ మొక్క పక్కనే నాయనమ్మ ఒక మట్టికుండను మెడదాకా పాతిపెట్టింది. ఎండాకాలమంతా నీళ్లు ఆ కుండలోనే పోసి పైన మూకుడు మూసేది. మొక్క మొదట్లో ఒక్క చెంబైనా పోసేది కాదు. నాకప్పుడు ఏడేళ్లు. దాహం మొక్కకైతే నీళ్లు కుండకా? ముసలిదానికి మతి పోయిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే, ఆ నీళ్లేవో మొక్కకే పోద్దామని చుట్టూ తవ్వి కుండను లాగాను. అది ఒక పట్టాన రాలేదు. బలంగా లాగితే ఏవో తెగుతూ ఊడి వచ్చింది. కుండ ఒళ్లంతా జుట్టులాంటి సన్నటి తెల్లని వేళ్లు!

చప్పుడుకు లేచొచ్చిన నాయనమ్మ నన్ను కొట్టలేదు. తెగిన వేళ్లను నిమురుతూ కూర్చుంది.

"ఎంత పని చేశావే! కుండకు పట్టే చెమ్మే దాని తిండి. పాలు తాగే బిడ్డను లాగినట్టు లాగేశావు గదే."

భయంతో మొక్క మొదట్లో బిందెడు నీళ్లు పోశాను. అయినా వారానికి మొక్క ఎండిపోయింది.

"అమ్మా, ఈ కొత్త కుండ కారుతోంది, మార్చుకొద్దాం" అంది మా అమ్మాయి, తడి చూసి. చెమ్మగిల్లిన ఆ కుండకు అరచెయ్యి ఆనించాను. కాసేపు తీయబుద్ధి కాలేదు.