మామగారి కారు వేడెక్కని రోజులు

మొన్న మా కారులో స్టీరింగు వెనక పసుప్పచ్చ దీపమొకటి వెలిగి ఎంతకీ ఆరకపోతే అమలాపురం తీసుకెళ్ళేను. అక్కడి షెడ్డులో మెకానికు బానెట్టయినా ఎత్తకుండా, స్టీరింగు కింద అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి గుచ్చి, తన సెల్లులో ఏదో చదువుకుని, ఇంజను వేడెక్కాల్సినంత వేడెక్కట్లేదండి, థర్మోస్టాట్ వాల్వు తెరుచుకునే ఉండిపోయింది, కొత్తది వేసేస్తే సరిపోద్ది, అన్నాడు. రెండు నిమిషాలు పట్టలేదు. పక్కనున్న మా ఆవిడ, మా మరిదిగారైతే ఈపాటికి చెయ్యి పెట్టి చెప్పేసేవారు, అంది. నలభై ఏళ్ళు దాటిపోయినా సరే, ఆ మాట చెవిన పడగానే ఒంటికి కారం రాసుకున్నట్టయింది నాకు.

మరిదిగారంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, నాకు తోడల్లుడు. కొత్తపేట దగ్గర మా మామగారికి కొబ్బరితోట, కాసిని వరిచేలు, ఓ తెల్ల అంబాసిడరు కారు ఉండేవి. ముమ్మిడివరంలో రైసుమిల్లు ఆయిలింజను నడిపించేవాణ్ణి కాబట్టి, ఆ ఇంట్లో ఇంజన్ల సంగతి తెలిసిన అల్లుడంటే నేనే. నేను వెళ్ళి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటుండగానే మామగారు కారు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టేవారు, కాఫీ ఆ తరవాతే. మన వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు, అత్తవారింట ఆపాటి మర్యాద దొరికితే మనిషి నేల మీద నడవడు.

ఒక వేసంగిలో నేను రేడియేటరులో నీళ్ళు చూసుకోకుండా బండి తీసేసరికి, దారిలో ఇంజను మరిగిపోయి ఆవిరి చిమ్మింది. నా తప్పు కప్పిపుచ్చుకోవాలి, బండి మళ్ళీ మరక్కూడదు కదా, మర్నాడు మామగారు చేలోకి వెళ్ళినప్పుడు రేడియేటరు పైగొట్టం ఊడదీసి, లోపలున్న థర్మోస్టాట్ వాల్వు పీకేసేను. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటరుకి పోనివ్వకుండా ఆపే చిన్న ఇత్తడి బిళ్ళ అది. చలిదేశాల వాళ్ళకి గానీ మన ఎండలకి ఇదెందుకని ఆ రోజుల్లో మనవైపు చాలామంది పీకేసేవారు. నేనూ పీకి, దొడ్లో కొబ్బరిడొక్కల గుట్ట మీదకి గిరాటేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను. ఆనాటినుంచీ వేడి చూపించే ముల్లు అడుగునుంచి లేస్తే ఒట్టు, పెద్దల్లుడుగారి చెయ్యి పడ్డాక బండి ఎంత చల్లగా ఉందో అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

అలాంటి రోజుల్లో మరదలి పెళ్ళయి చిన్నల్లుడు దిగేడు. రాజోలు హైస్కూల్లో సైన్సు మేష్టారు. చేతికి సుద్దముక్క పొడి తప్ప గ్రీజు అంటి ఎరగని మనిషి, కారు నడపడం కూడా రాదు. అయితేనేం, కొత్తొక వింత పాతొక రోత అన్నారు కదా, అత్తగారు పనసపొట్టు కూర ముందు ఆయనగారి విస్తట్లోనే వడ్డించేవారు, మామగారు పేపరు చదివి ఏ సందేహమొచ్చినా ఆయనగారినే అడిగేవారు. నాకు ఒకటే ధైర్యం, తాళంచెవి ఇంకా నా చేతికే ఇస్తున్నారు. అది కూడా పోతే ఆ ఇంట్లో నేనెవర్ని?

మంచు పట్టే రోజులొచ్చేసరికి బండి పేచీ పెట్టడం మొదలెట్టింది. పొద్దున్నే ఓ పట్టాన అందుకోదు, పెట్రోలు తాగేస్తుంది, ఏటిగట్టు ఎక్కమంటే దగ్గుతుంది. ఓసారి అందరం కారులో వెళ్తుండగా గట్టు సగంలో ఆగిపోయి, ఆడవాళ్ళు దిగి నడవాల్సొచ్చింది. ముందుసీట్లో ఉన్న మేష్టారు మీటరు వంక చూసి, ముల్లు లేవట్లేదేంటండీ అన్నయ్యగారూ, అన్నాడు. నా చేతిలో బండి అంతేనండీ, చల్లగా ఉంటుంది, అన్నాను గర్వంగా. మరీ చల్లగా ఉన్నా కష్టమేనండి, అని ఊరుకున్నాడాయన. మామగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసేరు. ఆ చూపుకే నా ప్రాణం సగం పోయింది.

మర్నాడు పొద్దున్నే, ఇంజను ఇంకా చన్నీళ్ళలా ఉండగా, మేష్టారు లుంగీ ఎగ్గట్టి దిగేడు. నన్ను స్టార్టు చెయ్యమని, పైగొట్టం మీద అరచెయ్యి ఉంచి, రెండోచేతి వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. వాల్వు బాగుంటే ఆ గొట్టం కాసేపు చల్లగా ఉండి, వాల్వు తెరుచుకోగానే ఒక్కసారి కాలాలటండి, ఇదేమో మొదటినుంచీ గోరువెచ్చగా మొదలై, ఎంతసేపటికీ చెయ్యి కాలేంత వేడే ఎక్కలేదు. ఆయిలు పోసే మూత తిప్పితే అడుగున మీగడలాంటి తెల్లటి జిడ్డు, ప్లగ్గులు విప్పితే నల్లటి మసి. అప్పుడాయన దొడ్లోంచి కొబ్బరాకు తడికముక్క తెచ్చి, రేడియేటరుకి గాలి తగలకుండా ముందు అడ్డంగా పురికొసతో కట్టి, ఇప్పుడు గట్టెక్కించండి అన్నయ్యగారూ, అన్నాడు. బండి నడిపేవాణ్ణి నేనే కదా, నా తప్పుకి నేనే సాక్ష్యం నడుపుకుంటూ వెళ్ళేను. ఇంత కాలానికి ముల్లు లేచి మధ్యకొచ్చింది, బండి గట్టు మీదకి లేడిపిల్లలా ఎక్కేసింది. నాకు మాత్రం అది ఎక్కకుండా ఆగిపోతే బాగుండునని ఉంది.

ఇంటికొచ్చి, ఇంజను చల్లారేక గొట్టం విప్పితే లోపల ఏముంటుంది, ఖాళీ. మేష్టారు నా వంక చూసేడు, నేను కొబ్బరిచెట్ల మట్టలు లెక్కపెడుతున్నాను. ఇంతలో మామగారు వచ్చి ఏమైందని అడిగేరు. అన్నయ్యగారు కనిపెట్టేరండి, వాల్వు పాడైపోయిందట, కొత్తది వెయ్యాలన్నారు, నేను ఊరికే తడిక పట్టుకున్నానండి, అన్నాడాయన తొణక్కుండా. మామగారు నా భుజం తట్టి, మా పెద్దల్లుడుగారి చేతిలో ఉంది విద్యంతా, అన్నారు. నేను తేలుకుట్టిన దొంగలా గొట్టం మళ్ళీ బిగించడంలో పడ్డాను.

తాళంచెవి ఆ తరవాతా నా చేతికే వచ్చేది. అయినా సుఖముందా అంటే లేదు. ప్రతి పెళ్ళిపందిట్లోనూ మామగారు ఆ తడిక కథ ఎత్తుకుని నన్ను మెచ్చుకోవడం, పక్కన కూచుని మేష్టారు ఆయ్ అంటూ తలూపడం, నా కడుపు భగ్గున మండటం. నా పరువు నాకు దానం చేసినవాణ్ణి చూస్తే, లాక్కున్నవాణ్ణి చూసినదానికన్నా ఎక్కువ కుళ్ళు పుట్టేది. మామగారు పోయేదాకా వింటూనే ఉన్నాను ఆ కథ.

మొన్న షెడ్డులో మా ఆవిడ ఆ మాట అన్నాక ఇంక ఉండబట్టలేక, రాజోలు ఫోను చేసి, ఆవేళ ఆ వాల్వు పీకింది నేనేనండీ మేష్టారూ, అని ఇన్నేళ్ళకి నోరు విప్పి చెప్పేసేను.

“ఆయ్, తెలుసండి అన్నయ్యగారూ. మామగారికీ తెలుసండి.”

గట్టు మీద బండి ఆగిపోయిన సాయంత్రమే మామగారు ఆ ఇత్తడి బిళ్ళ చేత్తో పట్టుకొచ్చి మేష్టారికి చూపించేరట, డొక్కల గుట్టలో ఎప్పుడో దొరికితే దాచేరట, ఇదేంటో చూసి పెద్దల్లుడుగారికి మాట రాకుండా సర్దండి బాబూ, అన్నారట. మరి ఆ గొట్టం పట్టుకోవడం, వాచీ చూడటం, ఆ తడికా ఏంటండీ అని అడిగేను. ఉన్నపళంగా గొట్టం విప్పేస్తే మీ మనసు నొచ్చుకుంటుందని, వెతుకుతున్నట్టు కాస్త కాలక్షేపం చేసేనండి, అన్నాడాయన.

ఫోను పెట్టేసేక మెకానికు చేతిలోని ఆ అగ్గిపెట్టెంత డబ్బా వంక చూసేను. ఈ డబ్బా ఉన్న జబ్బు ఉన్నట్టు చెప్పేస్తుంది, ఎవరి ఎదుట చెబుతున్నానన్న మొహమాటం దానికి లేదు. ఒకడు తప్పు చేస్తే, వాడు తల దించుకోకుండా ఆ తప్పు దిద్దడానికి ఇద్దరు పెద్దమనుషులు పొద్దుటంతా నాటకమాడిన రోజులు పోయేయి. తెలిసుండీ అన్నేళ్ళు నన్ను పందిట్లో పొగిడిన మామగారు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్న మాట నిజమే. కానీ మనలో మనకి దాపరికమెందుకు, ఆ బిళ్ళ చేత పట్టుకుని ఆయన గుట్టుగా పిలిచింది చిన్నల్లుణ్ణి, నన్ను కాదు. వాళ్ళిద్దరూ ఆ సాయంత్రం తలలు దగ్గర పెట్టుకుని ఇంకా ఏం చెప్పుకున్నారో అని నాకు ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది.