మౌస్ కంట్లో కుంకుమ

నా పదవీ విరమణకు ఏడు వారాలు ఉన్నాయనగా, ఒక సోమవారం ఉదయం, తెనాలిలో నేను పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ గారు నాకొక ఆర్డర్ ఇచ్చారు. ఆ శనివారం కాలేజీ ఉత్సవాల్లో జరిగే వీడియో గేమ్ పోటీకి ఫిజిక్స్ లెక్చరర్‌నైన నేను చీఫ్ రిఫరీనట. ఆ గేమ్ ఎలా ఉంటుందో కూడా నేను అప్పటికి చూడలేదు. నన్నే ఎందుకు వేశారని అడిగాను. ఏళ్ల తరబడి పరీక్షల చీఫ్ సూపరింటెండెంట్‌గా చేసిన మనిషి కూర్చుంటే ఓడినవాళ్లు నోరెత్తరని ఆయన జవాబు. చీఫ్ సూపరింటెండెంట్ అంటే పరీక్షా కేంద్రానికి పెద్ద. ప్రశ్నపత్రాల కట్ట సీలు విప్పడం నుంచి జవాబుపత్రాల కట్టకు సీలు వేయడం దాకా బాధ్యత అతనిదే.

మంగళవారం పిల్లలు నాకు ఆట చూపించారు. అంతరిక్షంలో పాడుబడిన ఒక పెద్ద స్టేషన్. జట్టుకు నలుగురు వ్యోమగాములు, చేతుల్లో తుపాకులు. భారం లేని చోటు కాబట్టి పైనా కిందా లేవు. ఒకసారి కదిలితే ఏ గోడో ఆపేదాకా కదులుతూనే ఉంటారు, ఒకసారి తిరగడం మొదలైతే తిరుగుతూనే ఉంటారు. అటూ ఇటూ పోవడానికి వీపున గ్యాస్ డబ్బా ఉంటుంది, అది తొందరగా అయిపోతుంది. నా సిలబస్‌లో మొదటి యూనిట్ మొత్తం తెర మీద ఎగురుతుంటే నాకు లోలోపల సంబరంగానే అనిపించింది.

శనివారం మూడు జట్లు వచ్చాయి. మాది, బాపట్లది, రేపల్లెది. ఉత్సవం మాది కాబట్టి మా జట్టుకు నేరుగా ఫైనల్. పరీక్షలాగే నడిపించాను. చేతులూ జేబులూ తనిఖీ చేయించాను, ఫోన్లు బయట పెట్టించాను, సీట్లు చీటీలు తీసి ఇచ్చాను. మా జట్టు నాయకుడు ఫణీంద్ర నా క్లాసులో ముందు బెంచీ కుర్రాడు. వాళ్ల నలుగురి మౌసులూ ఒక స్టీలు పళ్లెంలో వచ్చాయి. పసుపు, గంధం, కుంకుమ, పక్కన ఇంకా పొగ వస్తున్న అగరువత్తి. ఆయుధపూజ ఎప్పుడో దసరాకి కదా అన్నాను.

"ఫైనల్ కదండి సార్, స్పెషల్‌గా చేయించాం," అన్నాడు ఫణీంద్ర.

అగరువత్తి మాత్రం ఆర్పించాను, అగ్నిప్రమాద నిబంధన ఉంది కాబట్టి. మిగతాదానికి అడ్డు చెప్పలేదు. జీవితమంతా మూఢనమ్మకాల మీద సభలు పెట్టి, కరపత్రాలు పంచి, వాదనల్లో గొంతు పోగొట్టుకున్నవాణ్ని. అయినా పరీక్ష హాల్లోకి తేకూడని వస్తువుల జాబితాలో కుంకుమ లేదు. నిబంధన నిబంధనే.

మొదటి ఆటలో రేపల్లె చేతిలో బాపట్ల ఓడింది. ఓడిన పిల్లలు ఇంటికి పోకుండా వెనక వరసలో కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్నారు. వాళ్లతో వచ్చిన కంప్యూటర్ లెక్చరర్ సుజాత గారిని నేను రెండో రిఫరీగా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఫైనల్ మాకూ రేపల్లెకూ. రేపల్లె జట్టులో నలుగురూ అమ్మాయిలు. నాయకురాలి పేరు ఎస్తేరు.

ఆట మొదలై అయిదు నిమిషాలు కాకుండానే ఫణీంద్ర వ్యోమగామి ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టాడు. వాడు ఆపడానికి మౌస్‌ను ఎంత కదిలిస్తే అంత జోరుగా తిరుగుతున్నాడు.

"ఏంటి బాబాయ్, బొంగరమైపోయావా?" అని అరిచారు బాపట్ల పిల్లలు.

"తాడు ఎవరి చేతిలో ఉందో చూడండ్రా!"

అటువైపు ఎస్తేరు వ్యోమగామి గ్యాస్ వాడకుండా చేపపిల్లలా దూసుకుపోతోంది. మధ్యమధ్య ఎవరూ లేని ఖాళీలోకి తుపాకి పేలుస్తోంది. ఫణీంద్ర కుర్చీలోంచి లేచిపోయాడు.

"చీటింగ్ సార్! నా సిస్టమ్‌ని హ్యాక్ చేశారు. ఆ అమ్మాయి గ్యాస్ కొట్టకుండానే ఎగురుతోంది, చూడండి. గాల్లోకి కాలుస్తోంది, అదేదో కోడ్ సార్!"

ఆట ఆపించాను. ప్రిన్సిపాల్ గారు నా చెవి దగ్గరికి వంగి, పిల్లల ఆటేగా మాస్టారూ, రేపల్లెవాళ్లు తప్పు చేశారని ఒక కాయితం రాసిచ్చేస్తే బహుమతి మనకే ఉంటుంది కదా అన్నారు. మాల్‌ప్రాక్టీస్ కేసు రాయాలంటే మూడు కావాలని చెప్పాను. దొరికిన ఆధారం, విద్యార్థి స్వయంగా రాసిన వాంగ్మూలం, ఇన్విజిలేటర్ సంతకం. ఏ ఒక్కటి లేకపోయినా ఎవరినీ హాల్లోంచి పంపే అధికారం నాకు లేదు. ఆయన ముఖం మాడ్చుకుని కూర్చున్నారు.

ఎస్తేరుకు తెల్లకాగితం ఇచ్చాను.

"ఈ కాయితం మా కాలేజీకి పంపుతారాండి?" అంది.

రుజువైతే పంపాలమ్మా అన్నాను.

"పంపొద్దండి. సాయంత్రం ఆరింటి దాకా అమ్మాయిలకి ల్యాబు తెరవడం ఈ సంవత్సరమే మొదలెట్టారు. ఒక్క కంప్లయింటు వచ్చినా తాళం వేసేస్తామన్నారు. నా ఒక్కదానికే కాదండి, అందరికీ."

ఖాళీలోకి ఎందుకు కాలుస్తున్నావని అడిగాను.

"వెనక్కి కాలిస్తే ముందుకి పోతామండి. గ్యాస్ మిగులుద్ది."

ఎవరు నేర్పారు?

"ఎవరూ నేర్పలేదండి. మా తాతయ్య పడవలో నిలబడి వల విసిరితే పడవ వెనక్కి జరుగుద్ది. ఇదీ అంతే కదండి?"

ఇంత ఫిజిక్స్ ఉన్న వాంగ్మూలం నా సర్వీసులో ఇంకొకటి రాలేదు. సుజాత గారు నవ్వు ఆపుకోవడానికి సీలింగ్ ఫ్యాను వైపు చూశారు.

గ్యాస్ సంగతి తేలింది. బొంగరం సంగతి మిగిలింది. పరీక్షల్లో ఒక గది మీద అనుమానం వస్తే గదిలో వస్తువు కదపకుండా మనుషుల్ని మారుస్తాం. అదే చేశాను. సిస్టమ్, కీబోర్డు, మౌస్ ఎక్కడివక్కడే. ఎస్తేరు ఫణీంద్ర కుర్చీలోకి, ఫణీంద్ర ఎస్తేరు కుర్చీలోకి. దోషం మనిషిదైతే మనిషి వెంట పోతుంది, కుర్చీదైతే కుర్చీలోనే ఉంటుంది.

రెండు నిమిషాల్లో ఎస్తేరు గిరగిరా తిరగసాగింది. ఎస్తేరు కుర్చీలో ఫణీంద్ర ఆట మామూలుగా సాగింది. ఎస్తేరు కంగారు పడలేదు. మౌస్ తిరగేసి చూసింది. మౌస్ అడుగున చిన్న ఎర్ర దీపం ఉన్న రంధ్రం ఉంటుంది, బల్ల మీద తన కదలికను అది అక్కడినుంచే చూస్తుంది.

"సార్, దీని కంట్లో కుంకం పడిందండి," అంది.

వెనక వరసలో వేరుసెనక్కాయలు నేల పాలయ్యాయి. రంధ్రం చుట్టూ సగం ఆరిన గంధం, దాని మీద నిండుగా బొట్టు. మిగతా ముగ్గురి మౌసులకు బొట్టు పైనే ఉంది. ఆరిన కొద్దీ రాలిన పొడి రంధ్రంలో చేరి, మౌస్ లేని కదలికలు చూసింది. ప్రతి దొంగ కదలికా తెర మీది మనిషిని ఇంకాస్త తిప్పింది. భూమ్మీదైతే ఆగేవాడు, అక్కడ ఆపే నేల లేదు.

అడుగున ఎందుకు పెట్టావురా అని ఫణీంద్రను అడిగాను.

"బొట్టు కళ్ల దగ్గరే కదండి సార్ పెట్టేది," అన్నాడు బుద్ధిగా.

ఎస్తేరు చున్నీ కొసతో దాన్ని తుడిచి, అడగకుండానే ఫణీంద్ర చేతికిచ్చింది. ఆట మొదటినుంచీ ఆడించాను. ఈసారి ఫణీంద్ర తిరగలేదు. పదకొండో నిమిషంలో గ్యాస్ అయిపోయి, స్టేషన్ నడిమధ్య ఏ గోడా అందని చోట వేలాడిపోయాడు. చేతిలో నిండు తుపాకి ఉంది. కదలలేదు. ఎస్తేరు తాపీగా వచ్చి కాల్చింది. రేపల్లె గెలిచింది, ల్యాబు ఆరింటి దాకా తెరిచే ఉంది.

అప్పటిదాకా నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. ముప్పై ఏళ్ల నా ఉపన్యాసాలు చేయలేని పని ఒక చిటికెడు కుంకుమ చేసిందని సోమవారం స్టాఫ్ రూమ్‌లో చెప్పాల్సిన మాటలు కూడా మనసులో కూర్చుకున్నాను. మూటాముల్లె సర్దుకుంటున్న ఫణీంద్రను పిలిచి, తుపాకి పేలిస్తే ఏమవుతుందిరా అని అడిగాను.

వాడు చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పాడు. "ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుంది సార్. ఉదాహరణ, తుపాకి వెనక్కి తన్నుట."

మరి ఇందాక ఎందుకు పేల్చలేదు?

వాడు నావైపు నిజమైన ఆశ్చర్యంతో చూశాడు. "అది పరీక్షలో సార్. ఇది గేమ్ కదా."

స్టాఫ్ రూమ్‌లో ఆ ప్రసంగం చేయలేదు. ఫణీంద్ర యూనిట్ పరీక్ష పేపరు తీసి చూశాను. మూడో నియమానికి ఎనిమిదికి ఎనిమిది, పక్కన ఎర్ర సిరాలో నా సంతకం. మౌస్‌కు బొట్టు పెట్టినంత శ్రద్ధగా వాడు సూత్రాన్ని కాగితం మీద పెట్టాడు, నేను కళ్లకద్దుకున్నాను. ఆ మాల్‌ప్రాక్టీస్‌కు వాంగ్మూలం రాయాల్సింది నేను.

మిగిలిన ఆరు వారాల్లో ఆ ప్రశ్న కాగితం మీద అడగలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినే అడుగున చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కాళ్లు ఎత్తి కూర్చోబెట్టి, పుస్తకాల సంచీ ముందుకు విసరమన్నాను. కుర్చీ ఎటు జరుగుతుందో ముందుగా చెప్పినవాళ్లకే మార్కులు వేశాను. కాలేజీ మొత్తానికి అలాంటి కుర్చీ ఒక్కటే ఉండేది, అది ప్రిన్సిపాల్ గారిది. ఆ పీరియడ్లలో ఆయన నిలబడే పనిచేసుకున్నారు.