నాలుగో గోడకు నానబెట్టిన కాగితం

మా పక్కింటి సైన్సు మాస్టారు పోయారు. మా నిమ్‌పురా పేటంతా ఏడుస్తుంటే నాకు ముందు గుర్తొచ్చింది ఆయన పెరట్లో నానుతున్న రెండు డ్రమ్ముల కాగితం. ఆదివారం వచ్చి పిసుకుతానని మాటిచ్చి ఎగ్గొట్టాను. సోమవారం ఆయన లేరు. అప్పట్నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

రైల్వే బడి నుంచి రిటైరయ్యాక "దీదీ, కాగొజ్ ఆఛే?" అంటూ, కాగితాలున్నాయా అక్కా అని ఇక్కడి భాషలో అడుగుతూ ఇల్లిల్లూ తిరిగేవారు. ప్రేమ్ బజార్‌లో నా స్టేషనరీ కొట్టు అట్టపెట్టెలన్నీ ఆయనకే. అన్నీ నానబెట్టి, గుజ్జు చేసి, సిమెంటు, ఇసక కలిపి, చెక్క అచ్చులో నొక్కి ఇటుకలు చేసేవారు. ఆయన భార్యను నేను పిన్ని అంటాను. ఆవిడ వంటింటికి మూడు గోడలు అలాగే లేచాయి. నాలుగోవైపు టార్పాలిన్. వానల్లోపు కట్టేస్తానని ఆయన పట్టు.

హిజ్లీ కాలేజీ హాస్టళ్ల కుర్రాళ్లు పారేసిన నోట్సుల్ని డ్రమ్ములో వేసేముందు చదివి, ఎర్ర పెన్నుతో దిద్దేవారు. ఎందుకు మాస్టారూ అంటే, "తప్పు తప్పుగానే గోడలోకి ఎల్తే ఎలాగ?" అనేవారు. కాళ్లతో తొక్కితే గంటలో అయ్యే గుజ్జుని చేతులతోనే పిసికేవారు. "కాయితం మీద కాలెట్టొద్దని పిల్లలకి ముప్ఫై ఏళ్లు చెప్పినాను. ఇప్పుడు నేనే తొక్కితే ఏటి బాగుంటాది?" భుజాలు పట్టేసేవి, పని నెలలు సాగేది. ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండేది.

మూడో రోజుకు డ్రమ్ములు వాసనేశాయి. "పారబోసీ బాబూ, ఇంకెవరు చేస్తారు" అంది పిన్ని. నాకు కోపమొచ్చింది, ఆవిడ మీద కాదు. చేతులకు తొడుగులేసుకుని కూర్చున్నాను. రెండో డ్రమ్ముకొచ్చేసరికి వేళ్లు వంగలేదు. ఎవరూ చూడటం లేదు, కాళ్లు పెట్టేద్దామనిపించింది. పెట్టలేదు. సిమెంటు ఎంత పాళ్లలో కలపాలో మాత్రం తెలియదు. ఇన్నేళ్లూ నేను అడగలేదు. లోకం కాగితాలన్నీ దిద్దిన మనిషి తన కొలతను ఒక్క కాగితం మీదా రాసుకోలేదు. గుప్పెట్లో నొక్కి చూసి "చాలు" అనేవారు, అంతే. నేను అంచనాగా కలిపి అచ్చులో నొక్కాను.

పన్నెండు రోజులైంది. రోజూ కొట్టు తీయకముందే వెళ్లి ఇటుకల్ని బొటనవేలితో నొక్కుతున్నాను. ఈ పొద్దున్న కూడా వేలు దిగింది. మబ్బు పట్టింది. టార్పాలిన్ వెనక నుంచి పిన్ని అడిగింది.

"గట్టిపడినాయా బాబూ?"

"పడతన్నాయి పిన్నీ," అన్నాను, వేలు దిగిన గుంతను సర్దుతూ.