బేస్తారం కాదు, గురువారం

ఒక్క మాట సరిదిద్దబోయి ఒక బడిని ముంచినంత పని చేసిన ఘనుణ్ణి నేను. చివరికి మునిగింది నా పరువొక్కటే కాబట్టి ఇవాళ ఇలా కూర్చుని రాయగలుగుతున్నాను.

హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రతో కలిసిన కొత్తలో, ఆత్మకూరు అవతల కృష్ణ వైపున్న ఒక గొల్లల పల్లెకు నన్ను పంతులుగా వేశారు. కొత్త బడి, కొత్త పంతులు, కాపురానికి వచ్చిన కొత్త పెళ్లాం. ముగ్గురిలో బుద్ధి కుదురుగా ఉన్నది అనసూయకే. బడిని ముగ్గురిలో కలిపానని మీరు నవ్వవచ్చు. ఆ రోజుల్లో నాకది మనిషి లెక్కే.

బడి అంటే ఊరి పెద్దమనిషి బీరయ్య ఇచ్చిన కొట్టం. పక్కనే గొర్రెల దొడ్డి. మేము అక్షరాలు చదువుతుంటే అవి గుణింతం చెప్పేవి. అది ఇంకా ఖాయమైన బడి కాదు. పిల్లలు సరిగ్గా రాకపోతే ఎత్తేస్తామని పైవాళ్లు ముందే చెప్పారు. ఎత్తేస్తే నాకు ఇంకో ఊరు దొరుకుతుంది. పిల్లలకు మాత్రం మళ్లీ మంద వెనక నడకే. శనివారం ఇన్‌స్పెక్టరు గారు చూడటానికి వస్తారని కబురు వచ్చింది.

ఒకటో తరగతికి ఆ వారం పాఠం, వారాల పేర్లు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను చదివింది ఉర్దూలో. తెలుగు తర్వాత పుస్తకాలు పట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. చిట్యాల దగ్గర మా ఇంట్లో మా అమ్మ ఆదివారాన్ని ఐతారం, గురువారాన్ని బేస్తారం అనేది. నేనూ అనేవాణ్ణి. ట్రైనింగులో ఒకసారి అలా అంటే ఎవరో నవ్వారు. ఆ రోజు నుంచి నేను అచ్చు పుస్తకంలా మాట్లాడటం మొదలుపెట్టాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త పంతులు వారం కూడా ఎరగడు.

సోమవారం నాడు 'సోమారం' సరిదిద్దాను. మంగళవారం నాడు 'మంగళారం'. పిల్లలు నా ముందు వారం అని చక్కగా పలికి, గడప దాటగానే 'వ'ను అక్కడే వదిలేసి పోయేవారు. సాయంత్రం కొట్టం ఊడిస్తే చేటెడు 'వ'లు వస్తున్నాయని అనసూయ అనేది.

బుధవారం నాడు అసలు కథ. రేపు ఏ వారమని అడిగాను. బేస్తారమని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు.

"బేస్తారం కాదు, గురువారం."

బీరయ్య మనవరాలు లచ్చి లేచి నిలబడింది. "మా తాత బేస్తారమే అంటడు సారూ."

"మీ తాతకు నువ్వే నేర్పు. గురువంటే ఎవరు?"

లచ్చి పలక అంచు కొరుకుతూ ఆలోచించింది. "పంతులా?"

"అదీ. గురువుది కాబట్టి గురువారం. ఇంటికి పోయి అందరికీ చెప్పండి."

గురువంటే ఇక్కడ బృహస్పతి అని నాకు తెలియక కాదు. ఆరేళ్ల పిల్లలకు గ్రహాలెందుకని ఆ మాట మిగుల్చుకున్నాను. అంత ఖరీదైన పొదుపు నేను మళ్లీ చేయలేదు.

సాయంత్రం ఈ ఘనకార్యం అనసూయకు చెప్పాను. ఆమె రొట్టె కొడుతూ వింది.

"నువ్వు ఏ వారం పుట్టినవో మీ అమ్మనడుగు. బేస్తారమనే చెప్తది. గప్పుడు పుట్టలేదంటవా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట ఓడి రచ్చకు బయల్దేరాను.

నాకు తట్టని సంగతి ఒకటుంది. ఆ పల్లెలో వారమంటే దేవుడిది. సోమవారం శివుడిది, శనివారం వెంకటేశ్వరుడిది. దేవుడి వారం నాడు ఇల్లు అలుకుతారు, తలకు పోసుకుంటారు, ఒక్కపొద్దు ఉంటారు, అంటే ఒంటిపూట తిండి. వాళ్ల లెక్కలో బేస్తారం ఒక్కటే ఏ దేవుడికీ చెందకుండా ఖాళీగా ఉండేది. ఆ జాగాను నేను కబ్జా చేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బీరయ్య పొట్టేలును వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నన్ను పలకరించలేదు. దేవుణ్ణి నేరుగా అడగరు కదా. అనసూయను అడిగాడు.

"బిడ్డా, మీ పంతులు శివుని లెక్కనా, పోచమ్మ లెక్కనా?"

"అంటే ఏంది పెద్దయ్యా?"

"కొబ్బరికాయ గొట్టాల్నా, పొట్టేలును గొయ్యాల్నా అని."

అనసూయ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "చూసెటందుకు శివుడే గని, ఆకలైతె పోచమ్మే."

ఆమె ఉంటే ఇక్కడ నన్ను ఆపి, ఆ మాట తను ఇంకా బాగా అన్నదని చెప్పేది. అని ఉంటుంది కూడా.

కొట్టానికి వెళ్లేసరికి పల్లెంతా అక్కడే ఉంది. ఎన్నడూ బడి మొహం చూడని పిల్లలు కూడా నూనె పెట్టిన తలలతో, ఖాళీ కడుపులతో బుద్ధిగా కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోగా నన్ను కుర్చీలో కూలేసి, కాళ్లకు పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేశారు. గురువుకు పంగనామాలు పెట్టే శిష్యుల గురించి విన్నాం. నాకు శిష్యుల తాతలు నిజంగానే నొసటి నిండా బొట్టు పెట్టారు. కాదనాల్సిందే. కానీ నిజం చెప్పనా, రెండు నిమిషాల పాటు నాకు బాగానే ఉంది.

మూడో నిమిషంలో ఇన్‌స్పెక్టరు గారు సైకిలు దిగారు. శనివారం వేరే పని పడి ముందే వచ్చారట.

"పంతులూ, ఇది బడా, జాతరా?"

నా నోట్లో కొబ్బరిముక్క ఉంది. ఆయన పిల్లల వైపు తిరిగి ఈ రోజు ఏ వారమని అడిగారు. కొట్టం కప్పు లేచిపోయేలా పిల్లలు చెప్పారు.

"పంతులు వారం!"

గురువంటే పంతులని చెప్పింది నేనే. వాళ్లు తెలిసిన మాటను తెలిసిన చోట పెట్టుకున్నారు.

ఇన్‌స్పెక్టరు గారు నా బొట్టును, దండను, పొట్టేలును వరసగా చూసి, రోజూ ఇంతమంది వస్తారా అని బీరయ్యను అడిగారు.

"రోజెందుకొస్తరు సారూ? పంతులు వారం వారానికి ఒక్కటే గద. తెలువక ఇన్నొద్దులు ఊకె పంపినం. రేపటి సంది పోరలు మంద ఎంబడి పోతరు."

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. లచ్చి పలకను ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది. ఈ సంగతి నిన్న తనతో చెప్పనేలేదేమని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

నేను కుర్చీ దిగాను. దండ తీసేశాను.

"పెద్దయ్యా, నేను జెప్పింది తప్పు. ఇయ్యాల బేస్తారమే. నాకు వారం గీరం లేదు. బడి అన్ని దినాలుంటది, ఐతారం దప్ప."

ఆ కొట్టంలో నేను మా అమ్మ మాట మాట్లాడటం అదే మొదలు. సారుకు మన మాట వస్తదని పిల్లలు ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు.

బీరయ్యకు నమ్మకం కుదరలేదు. "ఇచ్చిన వారం ఎనుకకు తీసుకుంటె దేవునికి కోపమొస్తది పంతులూ."

"దేవుణ్ణి నేనే గద. నాకు రాదు."

ముందు నవ్వింది గుమ్మం దగ్గర నిలబడ్డ అనసూయ. తర్వాత ఇన్‌స్పెక్టరు గారు. ఆయన అక్కడే చాప మీద కూర్చుని, బృహస్పతివారమే నలిగి నలిగి బేస్తారమైందనీ, బృహస్పతిని మించిన గురువు ఎవరనీ, సరైన మాటను పట్టుకుని సరిదిద్దడానికి ఎంత చదువు కావాలో నన్ను చూస్తే తెలుస్తోందనీ మెల్లగా చెప్పారు. పిల్లలు వారాలన్నీ ముందుకీ వెనక్కీ వాళ్ల మాటల్లో అప్పజెప్పారు. ఒక్కటీ తప్పు పోలేదు. ఒక్కపొద్దు సంగతి తెలిసి ఆయన ముందు వాళ్లకు తిండి పెట్టమన్నారు. పొట్టేలు ప్రాణాలతో ఇంటికి పోయింది. లచ్చి మర్నాడు బడికి వచ్చింది, అందరికంటే ముందు. ఏడాది తిరిగేసరికి బడి ఖాయమైంది.

అనసూయ మాత్రం నన్ను వదల్లేదు. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు మారినా ఆమె నోట బేస్తారమూ రాలేదు, గురువారమూ రాలేదు. "ఇయ్యాల నీ వారం. ఒక్కపొద్దుంటవా, కోడి గొయ్యాల్నా?" అనేది. పిల్లల ముందు, చుట్టాల ముందు, ఆఖరికి దవాఖానలో నర్సు ముందు కూడా. నాకు విసుగొచ్చేది. అలా అనొద్దని చాలాసార్లు చెప్పాను కూడా. పోయిన చలికాలం ఆమె వెళ్లిపోయింది.

కాబట్టి పాఠకులారా, పసుపు కాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి నోట ఏ వారం ఎలా వచ్చినా ఈ జన్మలో మళ్లీ సరిదిద్దను. ఈ వ్రతం నాకు కష్టంగా ఏమీ లేదు. ఈ ఇంట్లో ఇప్పుడు తప్పు పలికేవాళ్లు ఎవరూ లేరు.