చెంచా తీసి మూత వేసింది నేనే

దయ్యాలు, గియ్యాలు అంటే నవ్వేటోన్ని. ఇప్పటికీ నమ్ముతున్ననని చెప్పను. జరిగింది మాత్రం చెప్తా.

నాది జగిత్యాల దిక్కు. ఒమన్‌ల రుస్తాఖ్ దగ్గర ఒక కంపెనీల టైమ్‌కీపర్‌ని. రూమ్‌ల నేను, మేస్త్రి పని చేసే మల్లేశ్, ఇద్దరమే. అతని పాత ల్యాప్‌టాప్‌ల లినక్స్ ఎక్కించింది నేనే. అంతా మంచిగ నడిచేది గని ఒక్కటే రోగం. మూత వేస్తే స్లీప్‌లకు పోయేది, మళ్ళ లేచేది కాదు. బటన్ గట్టిగ ఒత్తి బంద్ చేసుడే, సేవ్ చెయ్యనిదంతా పోవుడే. అందుకే మూత పడకుండ మల్లేశ్ నడుమ చెంచా పెట్టేటోడు.

"అన్నా, జర ఆ సెట్టింగ్ మార్చరాదే" అని ఎన్నిసార్లు అడిగిండో. వచ్చే శుక్రవారం చూద్దాం అనుకుంటనే దాటేసిన.

మల్లేశ్ ఇంటికాడున్న తన ఐదేండ్ల బిడ్డకు కథ చెప్పి, డప్పు సప్పుడు కలిపి పంపాలని అండ్ల రికార్డు చేస్తుండె. ఎండకాలం మధ్యాహ్నం పని ఆపుతరు గద, ఆ టైమ్‌ల. ఒకనాడు సగంల డ్యూటీకి పిలిచిండ్రు, సేవ్ చెయ్యకుండనే పోయిండు. సైట్ మీదనే గుండె ఆగింది.

సాయంత్రం రూమ్‌కు వస్తే స్క్రీన్ ఇంక వెలుగుతనే ఉంది. చూడలేక చెంచా తీసి మూత వేసిన. వేసినంక యాదికొచ్చింది. అయ్యో, ఎంత పని చేసిన.

తీస్తే నల్ల స్క్రీన్. అన్ని కీలు ఒత్తిన, వేరే మానిటర్ తగిలించిన, నెట్‌వర్క్‌ల నుంచి లోపలికి పోవాలని చూసిన. పలకలే. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని. బటన్ ఒత్తనీకి మనసు రాలే. మూత వేసి, చార్జర్ పీకకుండ తొమ్మిది రోజులు అట్లనే ఉంచిన.

శవాన్ని ఇంటికి పంపే రోజు నేను మస్కట్ ఎయిర్‌పోర్టుల ఉన్న. రూమ్‌కు తాళం, చెవి నా జేబులనే ఉంది. వాపస్ వచ్చి మూత తీస్తే స్క్రీన్ వెలిగింది. రికార్డు సేవ్ అయి ఉంది, 'బుజ్జక్క' అనే పేరుతోని. ఎప్పుడేం జరిగిందో ల్యాప్‌టాప్ రాసుకునే లాగ్ చూసిన. ఆ రోజే, నేను ఎయిర్‌పోర్టుల ఉన్నప్పుడు, మధ్యాహ్నం పన్నెండు నలభైకి మూత తెరుచుకుంది, మూడు నిమిషాలకు మూసుకుంది. ఫైల్ టైమ్ ఆ నడుమనే.

మల్లేశ్ భార్య లక్ష్మికి ఫోన్ చేసి బుజ్జక్క ఎవరమ్మా అని అడిగిన.

"బిడ్డను ఆయన ఒక్కడే అట్ల పిలుస్తుండె, అన్నా" అన్నది.

మల్లేశ్ బిడ్డతోని ఫోన్ల మాట్లాడంగ నేనిన్నది ఎప్పుడూ 'బేటా' అనుడే. మూత స్విచ్ చెడిపోయిందంటే ఒప్పుకుంటా. మరి ఆ పేరు ఎవరు కొట్టిండ్రు? ఇప్పటికీ నాకు తెల్వదు.

రికార్డు పంపిన. కథ సగంలనే ఆగుతది. ఆఖరికి మల్లేశ్ గొంతు: "డ్యూటీకి పిలుస్తున్నరు బేటా, వచ్చినంక మిగిలింది చెప్తా."

మిగిలింది ఎప్పుడొస్తదని ఆ పిల్ల అడుగుతుందట. ల్యాప్‌టాప్ నువ్వే ఉంచుకో అన్నది లక్ష్మి. ఆ సెట్టింగ్ నేను ఇంకా మార్చలే. రోజు మధ్యాహ్నం మూత వేస్త, జరసేపు బయట నిలబడి వచ్చి తీస్త. ఇంతవరకు ల్యాప్‌టాప్ మళ్ళ లేవలే.