ప్రార్థన కాదండీ, కచేరీ

మా ఫ్రిజ్ తలుపు మీద అంటించిన క్యాలెండర్‌లో ఆ నెల మూడు ఆదివారాలకి ఎర్ర స్కెచ్‌పెన్నుతో సున్నాలు చుట్టేను. మొదటిది కొత్తపేట, రెండోది ముమ్మిడివరం, మూడోది మండపేట. మూడూ నా కచేరీలే. పాలకోసం ఫ్రిజ్ తీసినప్పుడల్లా ఆ సున్నాల్ని చూసి నవ్వుకునేదాన్ని. పాలు అక్కర్లేకపోయినా తీసేదాన్ని. లోపల చల్లదనం నిలవడం లేదని మావారు మెకానిక్‌ని పిలిపించారు కూడా. నేనేమీ ఎరగనట్టు ఊరుకున్నాను.

ఈ సంబరం ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. మాది అమలాపురం. ముప్ఫై ఏళ్ళుగా మా ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ నేను పాడని సభ లేదు. అయితే పాడింది ప్రార్థన. పుస్తకావిష్కరణ కానివ్వండి, రిటైర్మెంటు సన్మానం కానివ్వండి, కొబ్బరి రైతుల సమావేశం, కంటి వైద్య శిబిరం, ఏదైనా సరే, ముందు నేను మైకు దగ్గర నిలబడి వినాయకుడి మీద అయిదు నిమిషాల పాట పాడాలి. అదీ ఎప్పుడూ ఒక్కటే పాట. పాట అవుతూనే నమస్కారం పెడతాను, ఎవరో వచ్చి శాలువా కప్పుతారు, చేతిలో జ్ఞాపిక పెడతారు, మెట్లు దిగిపోతాను. మా వైపు అదొక పద్ధతి. ప్రార్థన పాడినావిడ ఇంటికి వెళ్ళి వంట చేసుకోవాలి కదా అని సన్మానం ముందే కానిచ్చేస్తారు. మా బీరువాలో చీరల కంటే శాలువాలు ఎక్కువ. ఆటో ఎక్కితే డ్రైవరు అద్దంలో చూసి, "ప్రార్థన అమ్మగారు కదండీ" అంటాడు. ఆయ్ అంటాను. ఏమనాలి మరి?

పైకి నవ్వేదాన్ని గానీ లోపల మండేది. పదేళ్ళు నేర్చుకున్న సంగీతం నాది. రాగాలాపనలు, స్వరకల్పనలు అన్నీ గొంతులోనే ఉండిపోయాయి. అయిదు నిమిషాల్లో ఏం చూపిస్తాం? తాళం పడేలోగా మెట్లు దిగమంటారు.

అలాంటి రోజుల్లో కొత్తపేట సంగీత సభ కార్యదర్శిగారు ఫోన్ చేశారు.

"అమ్మా, ఈసారి మా సభకి తమరు పాడాలండీ."

"అలాగేనండీ. ప్రార్థన ఎన్నింటికండీ?"

"ప్రార్థన కాదండీ, కచేరీ. రెండు గంటలు. పక్కవాద్యాలు మీ ఇష్టం."

ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. యాభై నాలుగేళ్ళ మనిషిని, పోపుగరిట పట్టుకుని రెండు చుట్లు తిరిగాను. కరపత్రం వాట్సాప్‌లో రాగానే అన్ని గ్రూపులకీ పంపించాను. మా వీధి వాళ్ళకీ, పాత క్లాస్‌మేట్లకీ పంపడం సరే, బ్లౌజులు కుట్టే ఆవిడ పెట్టిన గ్రూపుకీ పంపించాను. ఆ కరపత్రం చేతులు మారి ముమ్మిడివరం చేరింది, అక్కణ్ణించి మండపేట. పది రోజుల్లో మరో రెండు కచేరీలు కుదిరాయి. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఎక్కడున్నారో నాకు తెలియదు.

ఫోన్ వచ్చిన మర్నాడే కొత్తపేట వెళ్ళాను. నాకు సంగీతం నేర్పిన పిన్నిగారు ఇప్పుడు అక్కడే ఉంటారు. నిజానికి పిన్ని కాదు, చిన్నప్పుడు మా పక్కింటావిడ. ఊరంతా పిన్నిగారు అంటుంటే నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు ఎనభై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి, నోరు మాత్రం ఏమీ పట్టెయ్యలేదు. నా మొదటి ప్రార్థనకి పంపించింది కూడా ఆవిడే. రావలసిన అమ్మాయికి జలుబు చేస్తే నన్ను పంపించారు. ఆ తర్వాత నేను ప్రార్థనలకే అంకితమైపోతే ఆవిడకి నా మీద కోపం వచ్చింది. కనబడినప్పుడల్లా, "నేను నేర్పింది అయిదు నిమిషాల సంగీతమా?" అనేవారు. నేను నిండుగా ఒక కచేరీ చేయడం ఆవిడ ఒక్కసారి కూడా వినలేదు. వినకుండానే ఉండిపోతారేమోనని నాకు లోపల గుబులుగా ఉండేది.

విషయం చెప్పగానే ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎంతసేపే?"

"రెండు గంటలండి."

"రెండు గంటలూ పాడతానంటేనే వస్తాను. అయిదు నిమిషాలకైతే నేను చీర మార్చుకోను."

నాకు కావలసిందల్లా ఆవిడ చీర మార్చుకుని రావడమే. తర్వాత కుదిరిన ముమ్మిడివరం, మండపేట ఎలా జరిగినా ఫరవాలేదు, కొత్తపేటలో మాత్రం పిన్నిగారు ముందు కుర్చీలో కూర్చుని చివరిదాకా వినాలి. ఇంకేమీ వద్దు అనుకున్నాను.

ఇక ఇంట్లో సాధన మొదలైంది. గొంతు సిద్ధంగానే ఉంది గానీ కాళ్ళు మొరాయించాయి. ముప్ఫై ఏళ్ళు నిలబడి పాడినదాన్ని, రెండు గంటలు బాసింపట్టు వేసుక్కూర్చోమంటే మాటలా? మావారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఫోన్లో అలారం పెట్టుకుని నా ఎదురుగా కుర్చీలో కూర్చునేవారు. పాట మధ్యలో కుక్కరు కూసిందంటే నాకు తెలియకుండానే లేచిపోయేదాన్ని.

"లేచేవు. మళ్ళీ మొదట్నించి," అనేవారు.

"పప్పు మాడిపోదూ?"

"మాడనీ. అక్కడ స్టేజీ మీద కూడా పప్పుందా?"

ఆ నెల మేము తిన్న మాడు పప్పు అంతా ఇంతా కాదు. చల్లటి నీళ్ళు తాగనివ్వలేదు, ఐస్‌క్రీమ్ మాట ఎత్తనివ్వలేదు, రోజూ మిరియాల కషాయం పట్టించారు. కోపం వచ్చి ఒకరోజు ఆయనకీ ఒక గ్లాసు పోశాను. బుద్ధిగా తాగేశారు పాపం.

వయొలిన్‌కి రాజోలు మాస్టారు ఒప్పుకున్నారు. ఆయనా హైస్కూలు హెడ్మాస్టరుగా చేసినవారే. ఆదివారం పొద్దున్న చర్చిలో కీర్తనలకి వాయించి, సాయంత్రం అదే వయొలిన్ పట్టుకుని మా ఇంటికి రిహార్సల్‌కి వచ్చేవారు. అంత నెమ్మదస్తుణ్ణి నేను చూడలేదు. నేను తొందరపడి ఒక ఆవర్తం, అంటే తాళంలో ఒక చుట్టు, మింగేసినా ఆయన తప్పు పట్టరు, "ఆయ్, అదీ బాగుందండీ, ఇంకోసారి చూద్దామాండీ" అంటారు.

కచేరీ ముందురోజు కార్యదర్శిగారు మళ్ళీ ఫోన్ చేశారు. "మొదట ఆ వినాయకుడి పాట పాడండమ్మా. మా జనం దానికి అలవాటు పడిపోయేరు," అన్నారు. కచేరీ అంటే ముందు వర్ణం, దాంతోనే మొదలుపెడదామని మాస్టారూ నేనూ అనుకున్నాం. కానీ ఆ పాటైతే నాకు నిద్రలో లేపినా వచ్చేస్తుంది, భయం ఉండదు అనిపించింది. సరేనన్నాను. మాస్టారికి చెప్తే క్షణం ఆలోచించి, "మీ ఇష్టమండీ" అన్నారు. ఆ క్షణం ఎందుకు ఆలోచించారో నేను అడగలేదు.

ఆదివారం సాయంత్రం ఆరు. కల్యాణ మండపం నిండింది. ముందు వరసలో పిన్నిగారు, జరీ అంచు ఉన్న నీలం పట్టుచీరలో. ఆ చీర చూడగానే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చాప మీద కూర్చున్నాను. తంబురా శ్రుతి పెట్టేరు, మృదంగం ఆయన తలూపారు. కళ్ళు మూసుకుని వినాయకుడి పాట ఎత్తుకున్నాను. అయిదు నిమిషాలు. చప్పట్లు.

ఆ తర్వాత జరిగిందాన్ని నేను చేశానని చెప్పలేను. నా చేతులు నమస్కారం పెట్టాయి. నా కాళ్ళు లేచాయి. నేను వేదిక పక్కనున్న మెట్ల దాకా వెళ్ళిపోయాను. అక్కడ కార్యదర్శిగారు శాలువాతో సిద్ధంగా ఉన్నారు. కచేరీ చివర కప్పాలని చేతిలో పట్టుకున్న శాలువా అది. నేను ఎదురుగా వచ్చేసరికి ఆయన చేతులకీ అలవాటే కాబోలు, కప్పేశారు. పక్కనున్నాయన జ్ఞాపిక నా చేతిలో పెట్టాడు. మైకులో వ్యాఖ్యాత, "చక్కటి ప్రార్థన చేసిన అమ్మగారికి ధన్యవాదాలు, ఇప్పుడు అధ్యక్షులవారు ప్రసంగిస్తారు" అనేశారు. అధ్యక్షులవారు నిజంగానే లేచి, వేదిక ఎక్కి, గొంతు సవరించుకున్నారు. మండపంలో ఒక్కరికి కూడా ఇందులో తప్పు కనబడలేదు. చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

కదలకుండా కూర్చున్నది వేదిక మీద పక్కవాద్యాల వాళ్ళు మాత్రమే. మాస్టారు కమాను గాల్లోనే పెట్టుకుని ఎంతో మర్యాదగా అడిగారు.

"అమ్మా, ఎక్కడికైనా తొందరగా వెళ్ళాలాండీ?"

ఆయన మాట పూర్తికాకుండానే ముందు వరసలోంచి పిన్నిగారి గొంతు ఖంగుమంది. "ఏమే, ఎక్కడికే? నేను చీర మార్చుకుని వచ్చేను!"

మండపం ఒక్కసారి గొల్లుమంది. నాకు అప్పుడు తెలివొచ్చింది. పరువు పోయిందని ఏడవాల్సింది, నవ్వొచ్చేసింది. ఆపుకుందామంటే ఆగదే! అధ్యక్షులవారు కూడా నవ్వేసి, "అయితే నేను తర్వాత మాట్లాడతానండీ," అని దిగిపోయారు. నేను వెనక్కి వెళ్ళే ముందు ఆ గాజుపెట్టె జ్ఞాపిక ఎక్కడ పెట్టాలో తోచక, మెట్లు దిగి తీసుకెళ్ళి పిన్నిగారి ఒళ్ళో పెట్టాను. శాలువా తీసే తీరిక లేదు. అలాగే కప్పుకుని మళ్ళీ చాప మీద కూర్చున్నాను.

పరువు ఎలాగూ పోయింది కనక ఇక పోవడానికేమీ లేదు. ఒంట్లో భయం అన్నది లేదు. వర్ణం పరుగెత్తింది. దాని తర్వాత పాటలు ఒకటి వెంట ఒకటి. కాంభోజి ఆలాపన మొదలుపెట్టాక నేను కొత్తపేటలో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయాను. ఇన్నాళ్ళూ గొంతులో కూర్చున్నదంతా తలుపు తీసినట్టు వచ్చేసింది. మాస్టారు నేను పాడినదాన్ని వాయించి, దాని పక్కన ఇంకో ముక్క పెట్టి, నన్ను చూసి నవ్వారు. నేను దానికి ఇంకోటి పెట్టాను. చిన్నపిల్లల్లా ఆడుకున్నాం.

ఆలాపన అయి కృతి ఎత్తుకున్నాక పిన్నిగారి చేతి వైపు చూశాను. పాఠం చెప్పేటప్పుడు ఆవిడ మోకాలి మీద తాళం వేసేవారు. నచ్చకపోతే చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు ఆ చెయ్యి కదలడం లేదు. మరో ఆవర్తం పాడాక తెలిసింది, రెండు చేతులతో ఆ గాజుపెట్టె పట్టుకున్నారు, పడిపోతుందని. కింద చెప్పు మాత్రం తాళం తప్పకుండా ఆడుతోంది. ఆ తర్వాత స్వరాలు ఎంతసేపు వేశానో నాకు లెక్క లేదు.

మంగళం పాడాక నేను లేవలేదు. కార్యదర్శిగారే వచ్చి, కప్పాల్సిన శాలువా అప్పటికే నా మీద ఉండటం చూసి, చేతులు జోడించి ఊరుకున్నారు. కాళ్ళు మొద్దుబారిపోయాయి. మావారు చెయ్యి పట్టుకుని దింపితే పిన్నిగారి దగ్గరకి వెళ్ళి దణ్ణం పెట్టాను.

"రెండు గంటల పావు పాడేవు," అన్నారు ఆవిడ.

"ఆయ్."

"కాంభోజి బాగుంది. నేను చెప్పినదానికంటే బాగుంది."

ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్ళూ ఉన్నాననిపించింది. ఆవిడ నా మీది శాలువా సర్ది, గొంతు తగ్గించారు.

"మొదటి పాటే బాలేదు."

"అదేంటండీ! ముప్ఫై ఏళ్ళుగా పాడుతున్నానండీ దాన్ని."

"అదే నేను చెప్పేది. నోరు పాడుకుపోతోంది, నువ్వందులో ఎక్కడా లేవు. నువ్వు లేవు కనకే లేచి వెళ్ళిపోయేవు."

మండపం ఖాళీ అవుతోంది, ఎవరెవరో వచ్చి బాగా పాడేరండీ అంటున్నారు, నాకు ఏమీ వినబడటం లేదు. పిన్నిగారు గాజుపెట్టె నా చేతికిచ్చి కర్ర అందుకున్నారు.

"ముమ్మిడివరం ఎప్పుడే?"

"వచ్చే ఆదివారమండి."

"అక్కడా ముందు అదే పాడమంటారు. రేపు పొద్దున్న రా. మొదట్నించి చెప్తాను."

మర్నాడు ఏడింటికల్లా కొత్త నోటుపుస్తకం పట్టుకుని పిన్నిగారి వీధి అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ ఇంకా లేవలేదు.